మూత తీస్తే వాసన, తవ్వితే పురుగులు: పెరటి ఎరువు మీద ఫోన్-ఇన్

(మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి, యవత్మాల్, నాందేడ్ జిల్లాల్లోని తెలుగు శ్రోతల కోసం జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమానికి అక్షర రూపం. ఫోన్ చేసినవారి పేర్లు తీసేసి ఊర్లు మాత్రం ఉంచాం.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. హోలీ దగ్గరికొచ్చింది, ఎండలు కూడా దగ్గరికొచ్చాయి. ఇవాళ మన విషయం వంటింటి చెత్తతో ఇంట్లోనే కంపోస్ట్ చేసుకోవడం, దాన్ని మొక్కలకి వాడటం. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మేడం మనతో ఉన్నారు. సిరోంచ ఆడబిడ్డ, ఇప్పుడు ఉండేది చంద్రపూర్‌లో. నమస్తే మేడం.

మేడం: నమస్తే. కాల్స్ ఉన్నాయా? ఉంటే నేరుగా అందులోకే వెళ్దాం. ఉపన్యాసం ఇస్తే జనం రేడియో కట్టేస్తారు.

వ్యాఖ్యాత: ఉన్నాయి మేడం. బల్లార్పూర్ నుంచి మొదటి కాల్. హలో, చెప్పండి.

బల్లార్పూర్: నమస్తే అన్నా, నమస్తే మేడం. నేను సంక్రాంతి తర్వాత ఒక పాత పెయింట్ బకెట్లో కంపోస్ట్ మొదలుపెట్టాను. ఇప్పుడు మూత తీస్తే ఇంట్లో ఎవరూ నిలబడలేకపోతున్నారు. లోపల పురుగులు లుకలుకలాడుతున్నాయి. మా అత్తమ్మ, రేపు ఘంటాగాడీ (చెత్త బండి) వస్తే బకెట్‌తో సహా ఇచ్చెయ్ అంటోంది.

మేడం: ఇవ్వకండి. ఆ బకెట్ బాగుపడుతుంది. ఏమేం వేస్తున్నారు?

బల్లార్పూర్: కూరగాయల తొక్కలు, చాయ్ పత్తా, మిగిలిన అన్నం, పప్పు. అంతే మేడం.

మేడం: ఎండినవి?

బల్లార్పూర్: ఎండినవి ఎందుకు వేస్తాం మేడం? ఓలా (తడి) వేరు, సుకా (పొడి) వేరు, కలపొద్దు అని గాడీవాళ్ళు రోజూ మైకులో చెబుతారు కదా.

మేడం: (నవ్వుతూ) అది గాడీ లెక్క. వాళ్ళకిచ్చే సుకా అంటే ప్లాస్టిక్, సీసాలు, డబ్బాలు. కంపోస్ట్‌కి కావలసిన పొడి వేరు. ఎండాకు, గడ్డి, కంది పొట్టు, సోయా పొట్టు, రంగులు లేని అట్టముక్కలు, ఇవి. మీరు చాలామంది లాగే ఒట్టి తడి వేశారు. సొరకాయ తొక్కనో టమాటనో తీసుకోండి, అందులో నూటికి 90 వంతులు నీళ్ళే. ఆ నీళ్ళు అడుక్కి దిగి, తొక్కలు మెత్తబడి ముద్దయిపోతాయి. ముద్దలోకి గాలి పోదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు వేరే జాతి. అవి తిన్నచోట ఆ కంపు వస్తుంది. మీ బకెట్‌కి అడుగున కన్నాలున్నాయా?

బల్లార్పూర్: లేవు. కింద కారుతుందని పెట్టలేదు.

మేడం: మూత గట్టిగా బిగించారు, కన్నాలు లేవు, పొడి లేదు. ఇంక వాసన రాకేం చేస్తుంది. సరే, వాసన ఎలా ఉంది? కుళ్ళిన కోడిగుడ్డు లాగానా, ముక్కులోకి ఘాటుగా, మూత్రం లాగానా?

బల్లార్పూర్: కోడిగుడ్డే మేడం.

మేడం: అయితే గాలి లేకే. మూత్రం లాంటి ఘాటు వస్తే అది అమ్మోనియా, అంటే నత్రజని ఎక్కువై గాలిలోకి పోతోందని. రెండింటికీ మందు ఎండాకే. రేపు పొద్దున్నే బకెట్ని గోనెసంచి మీద బోర్లించండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, చేతికి ఏదైనా కవర్ వేసుకోండి. బకెట్లో ఎంత ఉందో దానికి రెండింతలు నలిపిన ఎండాకు కలపండి. బకెట్ అడుగున, పక్కల చుట్టూ, వేలు పట్టేంత కన్నాలు పెట్టండి. కాల్చిన ఊచతో ఐదు నిమిషాల పని. అడుగున పుల్లలు, కొబ్బరి పీచు రెండు మూడు అంగుళాలు పరచి, ఆ కలిపినదంతా తిరిగి నింపండి. బకెట్ కింద రెండు ఇటుకలు, ఇటుకల మధ్య ఒక పాత పళ్ళెం. వాసన రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది.

బల్లార్పూర్: ఆ తర్వాత రోజూ ఎంత వెయ్యాలి?

మేడం: ఒక గిన్నె తొక్కలకి రెండు గిన్నెల నలిపిన ఆకు. లెక్క ఎక్కడిదంటే, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకి ఒక పాలు నత్రజని, 25 నుంచి 30 పాళ్ళు కర్బనం ఉంటే బాగా పనిచేస్తాయి. వంటింటి చెత్తలో ఒకటికి 15 దగ్గరలో ఉంటుంది, ఎండాకులో 50, 60 కూడా ఉంటుంది. రెండూ కలిస్తే మధ్యలో పడుతుంది. తూకాలు వెయ్యక్కర్లేదు. గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ళ మధ్య ఒకటో రెండో చుక్కలు రావాలి. ధార కారితే ఇంకా ఆకు వెయ్యండి. చెయ్యి తడవకపోతే నీళ్ళు చల్లండి. మిగిలిన అన్నం కొంచెమైతే ఫరవాలేదు, నూనె కూరలు, పప్పు మాత్రం వద్దు.

బల్లార్పూర్: మరి పురుగులు?

మేడం: బూడిద రంగులో, చదునుగా, గింజంత గట్టిగా ఉన్నాయా? మెత్తగా తెల్లగా సన్నగా ఉన్నాయా?

బల్లార్పూర్: గట్టిగానే ఉన్నాయి. బ్రౌన్‌గా.

మేడం: అయితే అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. మనుషుల్ని ముట్టుకోవు, ఆ పెద్ద ఈగ ఇంట్లో తిండి మీద వాలదు కూడా. మీ చెత్తని మీకంటే వేగంగా తినేస్తాయి. తెల్లవైతే మామూలు ఇంటి ఈగవి, అంటే తొక్కలు పైకి కనబడేలా వదిలేశారని. వేసిన ప్రతిసారీ పైన ఆకు కప్పితే ఈగకి గుడ్డు పెట్టే చోటే దొరకదు. అత్తమ్మకి చెప్పండి, ఆకు కలిపాక ఒక వారం చూడమని. అప్పటికీ వాసన వస్తే గాడీకి ఇచ్చెయ్యండి, నేనే ఒప్పుకుంటాను.

వ్యాఖ్యాత: ఘుగ్గూస్ నుంచి ఇంకొకరు లైన్లో ఉన్నారు. చెప్పండన్నా.

ఘుగ్గూస్: మేడం, మాది గని కాలనీ. మా అమ్మ ఇంకా చలికాలంలో నీళ్ళు బొగ్గుల కుంపటి మీదే కాస్తుంది. బూడిద చాలా వస్తుంది. మా నాన్న ఊర్లో ఉన్నప్పుడు పొయ్యి బూడిద కూరగాయలకి చల్లేవాడు, మంచి కాపు వచ్చేది. ఈ బొగ్గు బూడిద కంపోస్ట్‌లో వెయ్యొచ్చా?

మేడం: వద్దన్నా. మీ నాన్నగారు చల్లింది కట్టెల బూడిద. అందులో పొటాష్ ఉంటుంది. ఇది నేల బొగ్గు. ఇందులో ఆర్సెనిక్, సీసం లాంటి లోహాలు ఉంటాయి, బోరాన్ ఉంటుంది. తక్కువే కావొచ్చు, కానీ లోహం కుళ్ళిపోదు కదా. ఏడాదికేడాది మడిలో పేరుకుంటుంది. ఆకుకూరలు వాటిని పీల్చుకుంటాయి. తినేది మన పిల్లలే.

ఘుగ్గూస్: కట్టెల బూడిద అయితే ఎంతైనా వేసుకోవచ్చా?

మేడం: అదీ వద్దు. ఇక్కడ మన నల్లరేగడి ఇప్పటికే క్షారం వైపు ఉంటుంది, పీహెచ్, అంటే ఆమ్ల క్షారాల కొలత, చాలాచోట్ల 8 దాకా పోతుంది. బూడిద కూడా క్షారమే, సున్నం కూడా క్షారమే. ఎర్రనేలల వాళ్ళు చెప్పిన సలహా విని మనం సున్నం చల్లితే మొక్కకి ఇనుము, జింకు అందవు, చిగుళ్ళు పసుపు రంగుకి తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. వారానికి ఒక గుప్పెడు కట్టెల బూడిద చాలు, అదీ కుప్పంతా కలిసేలా. బొగ్గు బూడిద మొక్కలవైపు రానివ్వకండి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ మూల్ నుంచి. హలో... హలో? లైన్ కట్టయింది. మళ్ళీ చెయ్యండి. ఈలోపు సిరోంచ ఉంది.

మేడం: మా ఊరు! చెప్పండి.

సిరోంచ: నమస్తే అక్కా. మీ మాట విని సంబరమైంది. మా ఇంటి వెనకే టేకు చెట్లు. ఆకు కుప్పలు కుప్పలు. పోయిన ఏడాది గుంట తవ్వి ఆకంతా నింపి మట్టి కప్పాను. మొన్న తవ్వి చూస్తే ఆకు ఆకు లాగే ఉంది. పైగా చెదలు.

మేడం: టేకాకు మొండిది. గరుకుగా, మందంగా ఉంటుంది, మామూలు ఆకుల కంటే నెమ్మదిగా కుళ్ళుతుంది. కానీ అసలు తప్పు ఆకుది కాదు. అంత పెద్ద ఆకుని యథాతథంగా వేస్తే విస్తరాకుల కట్ట లాగా ఒకదాని మీద ఒకటి అతుక్కుంటాయి. పైన పోసిన నీళ్ళు పక్కలకి జారిపోతాయి, లోపల ఎండిపోయి ఉంటుంది. ఎండిన ఆకు, ఎండిన పుల్ల చెదలకి ఇష్టం. మీ గుంట మధ్యలో ఆకు తీసి చూశారా, పొడిగా ఉందా?

సిరోంచ: పొడిగానే ఉంది అక్కా. విరిస్తే ఫట్‌మని విరుగుతోంది.

మేడం: చూశారా. ఆ ఆకంతా బయటికి తీసి గోనెసంచుల్లో సగానికి నింపి, మూతి కట్టి, పిల్లల్ని దాని మీద ఎక్కి తొక్కమనండి. మధ్యాహ్నం ఎండలో తొక్కితే పెళపెళ విరిగి నలుగుతుంది. పొద్దున మంచుకి మెత్తబడి ఉన్నప్పుడు తొక్కితే లాభం లేదు. పెండ ఉందా?

సిరోంచ: రెండు బర్రెలున్నాయి.

మేడం: ఇంకేం కావాలి. ఒక బకెట్ నీళ్ళలో రెండు దోసిళ్ళ పెండ కలపండి. నలిపిన ఆకు ఒక జానెడు పరచి ఆ పెండనీళ్ళు తడిసేదాకా చల్లండి. దాని మీద పచ్చిది ఏదైనా, గడ్డి, కూరాకు, వంటింటి చెత్త, నాలుగు వేళ్ళ మందం. మళ్ళీ ఆకు. మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు తక్కువ కాకూడదు. అంత కుప్ప అయితేనే లోపల వేడి పుడుతుంది, 55 నుంచి 65 డిగ్రీలు. మూడో నాలుగో రోజు మధ్యలోకి ఇనుప ఊచ గుచ్చి పావుగంట తర్వాత తీసి పట్టుకోండి. చెయ్యి చురుక్కుమనాలి. పదిహేను రోజులకోసారి తిరగెయ్యండి. తిరగేసేటప్పుడు ముందు కర్రతో కదిపి చూడండి, మన వైపు తేళ్ళు, పాములు ఆకు కుప్పల్లోకి చేరతాయి. కుప్ప ఇంటి గోడకి, తలుపు చౌకట్లకి ఆనించి పెట్టకండి, చెదలు అటు పోతాయి.

సిరోంచ: ఇంకొకటి. ప్రాణహిత చేపలు వస్తాయి కదా, ఆ పొలుసు, పేగులు కుప్పలో వెయ్యొచ్చా?

మేడం: కుప్పలో వద్దు, కుక్కలూ పందికొక్కులూ చీల్చేస్తాయి. మామిడికో జామకో కొంచెం దూరంలో మూరెడు లోతు గుంట తీసి వేసి మట్టి కప్పండి, పైన ఒక రాయి పెట్టండి. చెట్టు వాటిని వాడుకుంటుంది.

వ్యాఖ్యాత: మేడం, అందరి ఇంటి వెనకా టేకు చెట్లుండవు కదా. చంద్రపూర్ సిటీ నుంచి ఇదే అడుగుతున్నారు. చెప్పండమ్మా.

చంద్రపూర్: మేడం, మాకు పెరడంటే నాలుగు కుండీలు. ఆకు ఎక్కడ తెచ్చుకోవాలి? ఎంత దాచుకోవాలి?

మేడం: మీ కాలనీలో వేప, రావి, కానుగ, బాదం చెట్లు ఉండే ఉంటాయి. ఊడ్చేవాళ్ళు పొద్దున్నే కుప్ప చేస్తారు, నిప్పు పెట్టకముందే సంచి తీసుకుని వెళ్ళండి. మురికి కాలవ పక్క ఆకు వద్దు. గుట్కా పొట్లాలు, షాంపూ సాచెట్లు ఏరెయ్యండి, అవి తర్వాత ఏరడం నరకం. నీలగిరి ఆకు వద్దు. ఎంత అంటారా, రోజుకి ఒక గిన్నె తొక్కలు వచ్చే ఇంటికి నలిపి తొక్కిన ఆకు నాలుగైదు సంచులు వానాకాలమంతా సరిపోతుంది. అది ఇప్పుడే, ఫాల్గుణం చైత్రాల్లో దాచుకోవాలి. ఆషాఢంలో ఎండాకు కావాలంటే ఎవరిస్తారు? వాన తగలనిచోట, మేడ మెట్ల కింద పెట్టుకోండి. నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఆగస్టులో వస్తాయి, వాటన్నిటికీ కారణం మార్చిలో కాల్చేసిన ఆకే.

వ్యాఖ్యాత: కిన్వట్ నుంచి కాల్. చెప్పండి.

కిన్వట్: నమస్తే మేడం. నా కంపోస్ట్ గుంటలో బొటనవేలంత లావు తెల్ల పురుగులున్నాయి, ఇట్లా వంకర తిరిగి. మా తమ్ముడు అవి వేరుపురుగులు, మొక్కలన్నీ చంపేస్తాయి అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. మందు కొట్టమంటారా?

మేడం: మందు కొట్టకండి, ముందు పరీక్ష చేద్దాం. ఒకటి తీసి గచ్చు మీద వదలండి. వెల్లకిలా తిరిగి, కాళ్ళు పైకి పెట్టి, వీపుతో పాకుతూ పోయిందా?

కిన్వట్: ఒక్క నిమిషం మేడం, నేను పెరట్లోనే ఉన్నాను. ... అరె. నిజమే. వీపు మీదే పోతోంది.

మేడం: అయితే అది పువ్వుల మీద వాలే ఒక రకం పెంకుపురుగు పిల్ల. కుళ్ళిన ఆకునే తింటుంది, పచ్చి వేరు జోలికి పోదు. తిని మంచి ఎరువు చేసి పెడుతుంది. కాళ్ళ మీద పాకుతూ, లేదా సి ఆకారంలో ముడుచుకుని పక్కకి పడి ఉంటే అప్పుడు అనుమానించాలి. కొమ్ము పురుగు పిల్లలు, వేరుపురుగులు అలా ఉంటాయి. కొబ్బరి చెట్లున్నవాళ్ళు ఆ లావు కొమ్ము పురుగు పిల్లల్ని ఏరి కోళ్ళకి వెయ్యండి, పెద్దయితే కొబ్బరి మొవ్వులో దూరుతుంది. ఎరువు వాడేముందు ఒకసారి జల్లెడ పట్టండి, ఈ పురుగులన్నీ పైన మిగులుతాయి, వీపుతో పాకేవాటిని తిరిగి గుంటలో వేసుకోండి.

కిన్వట్: వాడిపోయి చచ్చిన వంకాయ మొక్కలు కూడా అదే గుంటలో వేశాను మేడం.

మేడం: వేర్ల మీద బుడిపెలు ఉన్నాయా?

కిన్వట్: ఉన్నాయి. ముడులు ముడులుగా.

మేడం: అవి దొరికినంతవరకు తీసేసి ఎండబెట్టి తగలబెట్టండి. కాల్చొద్దన్న నేనే కాల్చమంటున్నాను, ఇదొక్కటే మినహాయింపు. ఆ ముడుల్లో నులిపురుగులుంటాయి. వేడెక్కిన పెద్ద కుప్ప అయితే చస్తాయి, చిన్న గుంటలు, బకెట్లు అంత వేడెక్కవు. ఆకుముడత వచ్చిన మిర్చి ఆకుతో ఆ భయం లేదు, వేసుకోవచ్చు. వేరు రోగం, కాండం రోగం వచ్చినవి మాత్రం వద్దు.

వ్యాఖ్యాత: ఇది చిన్న గొంతులా ఉంది. ఎక్కడినుంచి బాబూ?

వరోరా: వరోరా నుంచి. మా ఇంట్లో సంత్రాలు (కమలాపళ్ళు) బాగా తింటాం. తొక్కలు కంపోస్ట్‌లో వెయ్యొద్దని మా టీచర్ చెప్పింది. నిజమేనా?

మేడం: సగం నిజం. విదర్భలో పుట్టి సంత్రా తొక్క పారేస్తే ఎలా తమ్ముడూ. చిన్న ముక్కలు చేసి, ఒకరోజు ఎండబెట్టి, మిగతా చెత్తతో కలిపి వెయ్యి. వానపాముల తొట్టిలో మాత్రం ఎక్కువ వెయ్యకు, ఆ పులుపూ నూనే వాటికి పడవు. టీచర్ బహుశా వానపాముల గురించి చెప్పి ఉంటారు.

వ్యాఖ్యాత: పాటన్‌బోరి నుంచి ఒక పెద్దాయన చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండి కాకా.

పాటన్‌బోరి: ఆ, బిడ్డా. మీరందరూ బకెట్లు, కుండీలు అంటున్నారు. మా యవత్మాల్ జిల్లాలో నాడెప్ టాకీ అని ఎరువు చేసే ఇటుకల తొట్టి ఉండేది, తెలుసా?

మేడం: తెలియకపోవడమేంటి కాకా! మీ జిల్లా పుసద్‌లోనే కదా అది పుట్టింది. నారాయణ్ పాంఢరిపాండే, అందరూ నాడెప్ కాకా అనేవాళ్ళు. దేశమంతా పాకింది ఆ పద్ధతి.

పాటన్‌బోరి: అది. మా చేనులో కూడా కట్టాను అప్పట్లో. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. గోడలో కన్నాలు వదిలేవాళ్ళం. ఇప్పుడు ఆ ఇటుకలు మా కొడుకు బాత్రూం గోడకి పోయినై.

మేడం: (నవ్వుతూ) చాలా టాకీలకి అదే గతి పట్టింది. వినేవాళ్ళ కోసం చెబుతాను. రెండు ఇటుకలు పెట్టి, ఒక ఇటుక మేర ఖాళీ వదిలి కట్టుకుంటూ పోతే గోడంతా కిటికీలే. అందుకే తిరగెయ్యకుండానే గాలి ఆడుతుంది. ఒక నింపుడుకి దాదాపు 1400, 1500 కిలోల ఆకూ అలమూ చెత్తా, 1700 కిలోల పైచిలుకు జల్లించిన మట్టి, పెండ మాత్రం 100 కిలోలకి మించక్కర్లేదు. దాని గొప్పంతా అక్కడే ఉంది, పెండ తక్కువతో ఎరువు ఎక్కువ. 

పాటన్‌బోరి: ఇప్పుడు ఆ 100 కిలోలు కూడా ఎక్కడున్నై? దున్నేది ట్రాక్టరు. పోళా పండుగకి పూజ చేద్దామంటే ఎద్దు కోసం పక్కూరు పోతున్నాం. 

మేడం: నిజమే కాకా. అయితే పెరటికి అంత టాకీ అక్కర్లేదు. మూడడుగుల గుండ్రం, సిమెంటు లేకుండా ఇటుకలు ఎడంగా పేర్చి కట్టుకోండి. కొడుక్కి మళ్ళీ ఇటుకలు కావాలంటే విప్పి ఇచ్చెయ్యొచ్చు. నాడెప్‌లో లాగే సామానంతా ముందు పోగేసుకుని ఒకటి రెండు రోజుల్లో నింపెయ్యాలి, పైన మట్టీ పెండా కలిపి అలికెయ్యాలి. రెండు మూడు వారాలకి ఒక అడుగు దాకా కుంగుతుంది, మళ్ళీ నింపి అలకండి. మూడు నాలుగు నెలల్లో తయారు.

పాటన్‌బోరి: పత్తి కట్టె వెయ్యొచ్చా? మాకు దొరికేది అదే.

మేడం: వెయ్యండి, కానీ జానెడు ముక్కలు నరికి. మొదళ్ళు చాలా మొండివి, అవి అడుగున గాలి కోసం వాడండి. నిలువు కట్టె గుట్టలుగా చేను గట్టున వదిలేయడం మాత్రం మానాలి, గులాబీ రంగు పురుగు ఆ ఎండు కాయల్లోనే దాక్కుని వచ్చే పంటకి దిగుతుంది.

పాటన్‌బోరి: అదంతా సరే బిడ్డా. ఒక మాట అడుగుతాను, తప్పు పట్టకు. ఇంత కష్టపడి చేసిన ఎరువు వేస్తే మొక్క అట్లాగే ఉంటుంది. గుప్పెడు యూరియా వేస్తే మూడు రోజుల్లో నల్లగా నిగనిగలాడుతుంది. ఎందుకీ తిప్పలు?

మేడం: మంచి ప్రశ్న, చాలామంది అడగడానికి మొహమాటపడతారు. లెక్క చూద్దాం. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. ఇంటి కంపోస్ట్‌లో సుమారు ఒక పాలు. అంటే కిలో యూరియాకి సరితూగాలంటే 46 కిలోల కంపోస్ట్ కావాలి. అదీ మొత్తం ఒకేసారి అందదు, మొదటి పంటకి కొంత, తర్వాతి పంటలకి కొంత. నత్రజని కోసమే అయితే మీరు చెప్పింది నూటికి నూరు శాతం నిజం, కంపోస్ట్ ఓడిపోతుంది.

పాటన్‌బోరి: మరి?

మేడం: మీ చేనులో వేసవిలో నెర్రెలు ఎంత వస్తాయి? చెయ్యి దూరుతుందా?

పాటన్‌బోరి: మోచెయ్యి దాకా.

మేడం: ఆ నెర్రె పడినప్పుడు వేర్లు తెగుతాయి, పోసిన నీళ్ళు నేరుగా పాతాళానికి పోతాయి. యూరియా ఎన్ని బస్తాలు వేసినా ఆ నెర్రె పూడదు. నల్లరేగడి మెత్తగా, పొడిపొడిగా మారాలంటే, తడి ఆరకుండా నిలవాలంటే ఆకూ పెండా కుళ్ళిందే పడాలి. ఇంకో సంగతి, కంపోస్ట్‌లో భాస్వరం, పొటాష్, జింకు, ఇనుము అన్నీ కొద్దికొద్దిగా ఉంటాయి. పెరటి మడికి యూరియా అసలు వద్దని నేననను. ఆకు పాలిపోయిన పాలకూరకి చిటికెడు వేస్తే కొంపలేం మునగవు. కంపోస్ట్ పడిన మట్టిలో వేసిన చిటికెడు ఎక్కువ పనిచేస్తుంది, అంతే.

పాటన్‌బోరి: ఊ. ఇది ఒప్పుకునే మాట. కొందరు యూరియా ముట్టుకుంటే పాపం అన్నట్టు చెబుతారు.

వ్యాఖ్యాత: రాజురా నుంచి కాల్ తీసుకుందాం.

రాజురా: మేడం, రెండు నెలలకే నా కంపోస్ట్ నల్లగా అయింది. తయారైందనుకుని కుండీల్లో సగం అదే నింపి మిర్చి, టమాట నారు పెట్టాను. పది రోజుల్లో ఆకులన్నీ పసుపు పచ్చ. ఎందుకలా?

మేడం: నల్లబడటం గుర్తు కాదు. అందులో తొక్క, ఆకు ఏదో తెలుస్తోందా?

రాజురా: అక్కడక్కడ ఆకు ముక్కలు, కోడిగుడ్డు పెంకులు.

మేడం: పెంకులు ఎప్పటికీ ఉంటాయి, అవి వదిలెయ్యండి. ఆకు ముక్కలు కనబడుతున్నాయంటే సూక్ష్మజీవుల పని అవలేదు. అవి మిగిలిన ఆకుని తినడానికి మట్టిలోని నత్రజనిని లాక్కుంటాయి, నారుకి దక్కదు. అందుకే పసుపు. ఇంకోసారి ఇలా చూడండి. గుప్పెడు కంపోస్ట్ తడిపి చిన్న డబ్బాలో వేసి మూత బిగించి మూడు రోజులు పక్కన పెట్టండి. మూత తీస్తే మట్టి వాసన రావాలి. పులిసిన వాసన వస్తే ఇంకా కాలేదు. లేదంటే పది మెంతులు ఒక కప్పులో ఆ ఎరువు వేసి నాటండి, ఇంకో పది మామూలు మట్టిలో. ఎరువులో నాలుగో ఐదో మొలిచి, మట్టిలో అన్నీ మొలిస్తే తొందరపడ్డారని అర్థం. ఇంకో నెల ఆగండి.

రాజురా: ఇప్పుడు ఆ కుండీలు ఏం చెయ్యాలి?

మేడం: నారు మెల్లిగా తీసి వేరే మట్టిలో పెట్టండి. ఆ మిశ్రమం తడి ఆరకుండా నెల రోజులు అలాగే ఉంచితే అదే పక్వానికొస్తుంది. ఈసారి కుండీకి మూడో వంతు కంపోస్ట్, మూడో వంతు మట్టి, మూడో వంతు ఇసుకో కోకోపీటో (కొబ్బరి పొట్టు). ఒట్టి నల్లమట్టి కుండీలో పోస్తే ఎండకి బిగిసి అంచుల దగ్గర విడిపోతుంది, పోసిన నీళ్ళు ఆ సందులోంచి కిందికి జారిపోతాయి. మనం నీళ్ళు పోశామనుకుంటాం, వేరుకి చుక్క అందదు. మడి అయితే పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుకి పది కిలోలు వేసి పైపైన నాలుగు అంగుళాలు కలపండి. పెరిగే మొక్కకి నెలకోసారి రెండు గుప్పెళ్ళు, కాండానికి తగలకుండా చుట్టూ.

వ్యాఖ్యాత: మేడం, ఈ లోపు చాలామంది ఒకటే అడుగుతున్నారు, కంపోస్ట్ త్వరగా కావడానికి అమ్మే పౌడర్లు, ద్రావణాలు కొనాలా అని.

మేడం: అక్కర్లేదు. దోసెడు పాత కంపోస్టో, చెట్టు కింది మట్టో, పెండో వేస్తే అందులో కావలసినన్ని సూక్ష్మజీవులున్నాయి. ఆకు లేకుండా, గాలి లేకుండా ఎంత ఖరీదైన పౌడర్ చల్లినా బల్లార్పూర్ బకెట్ లాగే ఉంటుంది.

వ్యాఖ్యాత: చివరి కాల్, అహేరి. త్వరగా చెప్పాలి అన్నా.

అహేరి: మేడం, నేను వానపాముల తొట్టి పెట్టాను, రెండు కిలోల వానపాములు కొని. పోయిన మే నెలలో అన్నీ చచ్చినై. ఈసారి ఏం చెయ్యాలి?

మేడం: తొట్టి ఎక్కడుంది?

అహేరి: డాబా మీద. రేకుల కింద.

మేడం: రేకుల కింద మే నెలలో మనిషే ఉండలేడు. మన వైపు 46, 47 డిగ్రీలు కొత్త కాదు. తొట్టిలో 35 దాటితే వానపాము తట్టుకోలేదు. ఇప్పుడే, ఎండలు ముదరకముందే, కిందికి దించండి. చెట్టు నీడ, ఉత్తరం వైపు గోడ పక్కన అయితే మేలు. సగం లోతు నేలలోకి పాతండి. పైన తడి గోనెసంచి రెండు పొరలు, రోజుకి రెండు పూటలా నీళ్ళు చిలకరించండి, మడుగు కట్టకూడదు. ఆ రెండు నెలలు కొత్త చెత్త సగానికి తగ్గించండి, పచ్చి పెండ అసలు వెయ్యకండి, అది లోపల వేడి పుట్టిస్తుంది. పెండ పది పదిహేను రోజులు ఆరాక వెయ్యాలి.

అహేరి: చీమలు కూడా వస్తున్నాయి మేడం.

మేడం: చీమలొచ్చాయంటే తడి తక్కువైందని. తొట్టి కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి. పాతితే అది కుదరదు కాబట్టి చుట్టూ బెత్తెడు వెడల్పున పసుపు చల్లండి, తడిస్తే మళ్ళీ చల్లాలి. చీమల మందు మాత్రం వద్దు, వానపాములు ముందు పోతాయి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మూల్ నుంచి చేసిన అన్నకి లైన్ దొరకలేదు, వచ్చే వారం ముందుగా వారితోనే మాట్లాడతాం. వచ్చే వారం విషయం వేసవిలో కుండీలకి నీళ్ళు. మేడంకి ధన్యవాదాలు.

మేడం: మంచిది. వచ్చేవారానికి ఆ బల్లార్పూర్ అమ్మాయి ఫోన్ చేస్తే కలపండి, బకెట్ సంగతి నాకు కావాలి.